చెప్పని మాటలకు ఎంత చోటు

మెహరున్నీసా టీచర్ తొమ్మిదో తరగతి పిల్లలకు వృత్తం చుట్టుకొలత వివరిస్తుండగా ఆమె గొంతు ఆగిపోయింది. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి బోర్డు మీదే ఉండిపోయింది. మెడలో వేలాడుతున్న అగ్గిపెట్టెంత స్పీకరు ఒకసారి బుస్సుమని ఊరుకుంది. పిల్లలు మొదట నవ్వారు. ఆవిడ ముఖం చూశాక నవ్వడం మానేశారు. ఆవిడ లెక్క చెరిపేసి, "నాకు మాట పోయింది. ఎవరైనా ఆఫీసు రూముకి వెళ్ళి చెప్పండి" అని బోర్డు మీద రాసింది.

ఆ పొద్దున విశాఖపట్నం చుట్టుపక్కల మరో ముప్పై నలభై మందికి అలాగే మాట పడిపోయింది. బజారులో చేపలు బేరమాడుతున్న ముసలాయనకు, మనవరాలికి అన్నం తినిపిస్తున్న ఒకామెకు, ఫోనులో కొడుకుతో పోట్లాడుతున్న మరొకాయనకు. అందరూ వారధి పెట్టించుకున్నవాళ్ళే.

పక్షవాతం వల్ల మాట పోయినవాళ్ళ కోసం పుర్రె కింద అమర్చే పలుచటి రేకు వారధి. మనిషి ఒక మాట అనబోయినప్పుడు మెదడులో కలిగే అలికిడిని పట్టుకుని స్పీకరుకి అందిస్తుంది. అయితే మెదడు ఇవాళ ఉన్నట్టు రేపుండదు. అందుకే ఒక్కొక్కరికీ ఒక్కో ప్రోగ్రాం. అది తనను తానే రోజూ తిరగరాసుకుంటుంది. రాసుకున్న ప్రతి రూపాన్నీ వారధి కేంద్రం సర్వరులో, ఆ మనిషి పేరున ఉన్న రిపోజిటరీ అనే అరలో దాచుకుంటుంది. పాతది చూసుకునే కొత్తది రాసుకోవాలి కాబట్టి, అలా పూర్తిగా రాసుకున్న రూపం దేన్నీ పారేయదు.

ఆ సర్వరు బాగోగులు చూసేది హైమవతి. కేంద్రంలో ఒకప్పుడు ఎక్స్‌రే తీసిన గదిలో, చలికి శాలువా కప్పుకుని కూర్చునేది. ఆ రోజు ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగేసరికి ఆమెకు సంగతి అర్థమైంది. డిస్కులు నిండిపోయాయి. ప్రోగ్రాములు పొద్దుటి రూపాన్ని రాసుకోబోయి, చోటు లేక సగంలో తెగిపోయాయి. పనికిరాని నకళ్ళన్నీ చెరిపేసి, మధ్యాహ్నానికల్లా అందరి గొంతులూ వెనక్కి తెచ్చింది.

"రెండుసార్లు డిస్కులు పెంచాం కదమ్మా! ఎలా నిండిపోయింది?" అంది డాక్టర్ ఎస్తేరు రాణి. వారధిని కనిపెట్టింది ఆవిడే.

హైమవతి తెర ఆవిడ వైపు తిప్పింది. ఒక్కొక్కరి రిపోజిటరీ ఎంత పెరిగిందో చూపించే గీతలు. చాలామందివి బెత్తెడు బెత్తెడుగా ఉన్నాయి. ఒక్క గీత మాత్రం తెర అంచు దాటిపోయింది.

"ఎవరిదిది?"

"మా అన్నయ్యదండీ."

డాక్టర్ తెర మీదికి వంగింది.

హైమవతి అన్న సింహాద్రి హార్బరులో టగ్గు నడిపేవాడు. పెద్ద ఓడల్ని తాళ్ళు కట్టి రేవులోకి లాగే పని. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా పోయాక, వారధి పెట్టించుకోవడానికి అందరికంటే ముందు ఒప్పుకున్నవాడు అతనే. మొదట్లో ఆ స్పీకరు రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడేది. "నాకు దాహంగా ఉన్నది" అని తన మాట అలా పుస్తకాల భాషలో వినబడేసరికి సింహాద్రికి కోపం వచ్చి స్పీకరు పీకి పారేశాడు. దానికి "ఏటి" అనడం రావడానికి ఏడాది పట్టింది. వచ్చిన రోజున అతను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కనిపించినవాళ్ళందరినీ "ఏటి? ఏటి?" అంటూ తిరిగాడు.

"ఇంతగా మాట్లాడతారా ఆయన?" అని అడిగింది డాక్టర్.

"ఎక్కడండీ! మాట్లాడేదంతా మా వదినే."

మర్నాడు హైమవతి లాప్‌టాప్ పట్టుకుని కేంద్రం వరండాకి వెళ్ళింది. దూరంగా హార్బరు కనిపిస్తుంది. కేంద్రంలోనే ఒక గదిలో ఉంటున్న సింహాద్రి అక్కడ చక్రాల కుర్చీలో ఉన్నాడు. అతని భార్య నీలవేణి అతని చొక్కా బొత్తాలు పెడుతోంది. నీలవేణి పాడేరు ఆశ్రమ పాఠశాలలో ఆడపిల్లలకు ఆటలు నేర్పి, జోనల్ పోటీలకు తీసుకెళ్ళే టీచరు. భర్త పడిపోయిన దగ్గర్నుంచీ సెలవు మీద సెలవు పెట్టి ఇక్కడే ఉంది. మెడలో ఈల మాత్రం తీయలేదు.

"అన్నయ్యా, ఎలా ఉన్నావు?"

"నాను..." అని మొదలెట్టింది స్పీకరు.

"నిన్నంతా నిద్దరే లేదు హైమా, ఉక్క," అంది నీలవేణి.

హైమవతి తెర మీద గీత చిన్నగా పైకి లేచింది.

"నీలీ, నువ్వు..."

"కాఫీయా? తెస్తాను ఉండు."

గీత మళ్ళీ లేచింది. నీలవేణి కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళినప్పుడు సింహాద్రి చెల్లెలి వైపు తిరిగి, "కాపీ ఒద్దు. మజ్జిగ కావాలి" అన్నాడు. చెప్పడం పూర్తవగానే గీత ఒక్క మెట్టు దిగింది.

హైమవతి తెరనూ వాళ్ళనూ మార్చి మార్చి చూసింది. అతను మొదలుపెట్టిన ప్రతి మాటనూ వదిన అందుకుంటోంది. అతను ఊరుకుంటున్నాడు. ఊరుకున్న ప్రతిసారీ గీత లేస్తోంది.

డాక్టరుకి చూపిస్తే ఆవిడ నుదురు పట్టుకుంది. "చెప్పడం పూర్తయితే ప్రోగ్రాం దానికి వాడిన చిత్తుప్రతులు చెరిపేసుకుంటుంది. పూర్తి కాకపోతే, ఇంకా నేర్చుకోవాల్సి ఉందనుకుని దాచుకుంటుంది. మనిషి అదే మాట మనసులో మళ్ళీ అనుకుంటాడు, అది మళ్ళీ దాస్తుంది. నూరుసార్లు అనుకుంటే నూరు రూపాలు, వాటిని ఒకదానితో ఒకటి పోల్చిన లెక్కలు. నేనిది ఊహించలేదు హైమా."

"అంటే లోపల ఉన్నవన్నీ..."

"మీ అన్న చెప్పకుండా మింగేసిన మాటలు."

ఆ అర తెరవడం హైమవతికి చిటికెలో పని. తాళాలన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి. కానీ వారధి పెట్టించుకునే ముందు రోగులంతా కలిసి ఒకే ఒక్క షరతు పెట్టారు. తమ తలలోంచి వచ్చింది ఈ కేంద్రం గోడ దాటకూడదు, లోపల కూడా ఎవరూ చదవకూడదు. సర్వరును బయట ఎవరికీ అప్పగించకుండా సొంతంగా పెట్టుకున్నది అందుకే. ఆ షరతు కింద కేంద్రం తరఫున సంతకం పెట్టినవాళ్ళలో హైమవతి ఒకతె. ఆమె పరిమాణం మాత్రమే చూడాలి. అంతకు మించి చూడనూ లేదు.

"పెద్దవాటిని బయటి కంపెనీ సర్వర్లకు పంపేద్దాం. వాళ్ళ దగ్గర చోటుకి కొదవ లేదు" అంది డాక్టర్.

"వీల్లేదండీ."

"పోనీ, మీ అన్నగారి పాత రూపాలు కొన్ని కోసేస్తే?"

"మళ్ళీ వార్తలు చదువుతాడు. మళ్ళీ ఏడాది పడుతుంది 'ఏటి' అనడానికి."

"మరేం చేస్తావు?"

"పరిమితి పెడతాను. రిపోజిటరీకి ఇంత అని. అందరికీ ఒకటే."

చెయ్యడానికి అది పెద్ద పనేం కాదు. సర్వరు సెట్టింగుల్లో ఒక్క వరుస. ఆ అంకె దాటిన రిపోజిటరీలోకి కొత్త రూపాన్ని రానివ్వదు. మనిషి మాట వెంటనే పోదు. పాత రూపంతోనే నడుస్తుంది. కానీ మెదడు రోజూ కాస్త కాస్త జరిగిపోతుంటుంది కాబట్టి, స్టేషను తప్పిన రేడియోలా మాట గరగరలాడుతూ పది పదిహేను రోజుల్లో గాలిలో కలిసిపోతుంది. ఆ వరుస కిందే ఇంకొకటి ఉంది. ఫలానా పేరుకి పరిమితి వర్తించదు అని మినహాయింపు రాసుకునే చోటు. హైమవతి దాన్ని ఖాళీగా వదిలేసింది.

సంగతి చెప్పడానికి అన్న దగ్గరికి ఆమే వెళ్ళింది. మాట పూర్తికాకుండానే నీలవేణి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏటి హైమా, అందరికంటే ముందు పుర్రె కోయించుకున్నది మీ అన్న. అందరికంటే ముందు గొంతు నొక్కేది కూడా ఆయనదేనేటి?"

"గొంతు నొక్కడం కాదు వదినా. అన్నయ్య ఒక్కడిదే మిగతావాళ్ళందరి చోటూ తినేస్తోంది. మొన్న ఆ టీచరుగారు పిల్లల ముందు..."

"ఒక్కడికి వదిలెయ్యలేవా? తాళాలు నీ చేతిలోనే ఉన్నాయి కదా. సొంత అన్నకి కూడా అక్కరకు రాని ఉద్యోగం ఎందుకూ!"

హైమవతికి ముఖం వేడెక్కింది. చిన్నప్పుడు తండ్రి పోయాక తన కాలేజీ ఫీజు కట్టింది ఈ అన్నే. ఆ సంగతి నీలవేణి అనలేదు. అననవసరం లేదు కూడా.

"అన్నకని వదిలితే, రేపు ఇంకొకరి అన్నకి ఎందుకు వదలవని అడుగుతారు వదినా. అప్పుడు మళ్ళీ అందరి మాటా పోతుంది. నేను వదలను."

"సరే అమ్మీ," అంది స్పీకరు. ఇద్దరూ అతని వైపు తిరిగారు. "నాను ఖాళీ సేస్తాను."

"ఏం ఖాళీ చేస్తావు? నీకేటి తెలుసు..." అంటూ నీలవేణి అందుకోబోయింది.

"వదినా," అంది హైమవతి గట్టిగా. "చోటు ఖాళీ అవడానికి ఒకటే దారి ఉంది. అన్నయ్య చెప్పాలనుకున్నది చెప్పాలి. పూర్తిగా. మనం మధ్యలో మాట్లాడకూడదు."

నీలవేణి తెల్లబోయింది. మెడలోని ఈల తీసి పళ్ళ మధ్య పెట్టుకుని, 'ఇక చెప్పమను' అన్నట్టు తలూపింది. నోటికి ఏదో ఒకటి అడ్డం ఉంటే తప్ప ఊరుకోలేనని ఆమెకే తెలుసు.

మొదటి రోజు వచ్చినవన్నీ చిన్న చిన్న మాటలు. పప్పులో ఉప్పు ఎక్కువేస్తోందని. దిండు ఎత్తుగా ఉందని. టీవీలో ఆ సీరియల్ తనకు అసలు ఇష్టం లేదని. ఒక్కొక్కటే చెబుతుంటే గీత మెట్టు మెట్టుగా దిగింది. నీలవేణి ఈల పట్టుకునే నవ్వింది. ఊపిరి తగిలి అది కుయ్యిమనేసరికి సింహాద్రి కూడా సగం ముఖంతో నవ్వాడు. ఇంతేనా అనుకుంది హైమవతి. ఇంత చిన్న వాటికా ఇంత చోటు!

రెండో రోజు అతను, "నువ్వు నాకు తానం సేయించొద్దు. సిగ్గేస్తంది. ఆ నర్సు కుర్రోడు సాలు" అన్నాడు. నీలవేణి కళ్ళు దించుకుంది. ఆ రోజు ఇంకేం నవ్వులు లేవు.

మూడో రోజు వచ్చేసరికి గీత సగానికి దిగింది. అక్కడ ఆగిపోయింది. మిగతా సగమంతా ఒకే మాట అయి ఉంటుందని హైమవతికి అనిపించింది. రోజూ, పూటపూటా, మనసులో అనుకుని అనుకుని మింగేసిన ఒకే మాట. సింహాద్రి హార్బరు వైపు చూస్తున్నాడు. ఒక టగ్గు నల్లటి ఓడను మెల్లగా తిప్పుతోంది.

"ఒలే నీలీ. నువ్వు పాడేరు ఎలిపో."

నీలవేణి కదల్లేదు.

"ఆ పిల్లలు పోను సేస్తే బాత్రూంలోకెల్లి మాటాడతన్నావు. నాకినబడదనుకుంటన్నావు. జోన్సు ఆటల పోటీలకి ఎల్లారంట, నువ్వు లేకండా. వోడిపోయారంట. నువ్వు నీళ్ళిప్పేసి ఏడిసినావు. నానన్నీ ఇన్నాను." అతను కాసేపు ఆగాడు. ఎవరూ అందుకోలేదు. "నా దాహం నువ్వే సెప్తావు. నా నొప్పి నువ్వే సెప్తావు. నా కోపం కూడా నువ్వే పడతావు. నాను బతికున్నానో లేదో నాకే తెలీడం లేదే. నువ్వెల్లు. నానిక్కడే, ఈ మనుసుల్తో ఉంటాను. నా మాట నాను ఆడుకుంటాను."

తెర మీద గీత జారి జారి, మిగతా అందరి గీతల పక్కకి వచ్చి నిలబడింది. హైమవతి దాన్ని చూడలేదు. వదిననే చూస్తోంది.

నీలవేణి నోట్లోంచి ఈల తీసింది. "అయితే ఇన్నాళ్ళూ నేను చేసిందంతా..." అని ఆగింది. ఆ మాటను అందుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, వరండా దిగి వెళ్ళిపోయింది. హైమవతి గేటు దాకా పరుగెత్తింది.

"వదినా, అన్నయ్య ఉద్దేశం..."

"నువ్వు కూడా మొదలెట్టావా ఆయన మాటలు చెప్పడం?" అంది నీలవేణి. గొంతు మామూలుగానే ఉంది. "నీ సర్వరులో చోటు దొరికింది కదా హైమా. నా ఇంట్లోనే పోయింది." ఆటో ఎక్కి వెళ్ళింది. ఆ వారమే పాడేరు వెళ్ళి ఉద్యోగంలో చేరిందని తర్వాత తెలిసింది. హైమవతి ఫోను చేస్తే తీయలేదు.

డాక్టర్ ఎస్తేరుకి మాత్రం ఇదంతా పండగలా ఉంది. ఆవిడ చెడ్డమనిషి కాదు. నలభై మంది మూగవాళ్ళకి మాట తెప్పించిన మనిషి. తాను కనిపెట్టింది మాటలతో పాటు మనసు బరువును కూడా తూచగలదని తెలిసేసరికి ఆవిడకి నిద్ర పట్టడం లేదు.

"అంకె ఇంకా తగ్గిద్దాం హైమా. సగం చెయ్. మీ అన్నగారిని చూడు, ముఖంలో ఎంత తేటదనం! అందరూ లోపలున్నది కక్కేస్తారు. ఇది మందులాంటిది."

అన్న ముఖం తేటపడిన మాట నిజమే. నర్సు కుర్రాడితో బేరాలాడుతున్నాడు, పక్క గది ముసలాయనతో చదరంగం ఆడుతూ దెబ్బలాడుతున్నాడు. ఆ సాయంత్రం మెహరున్నీసా టీచర్ స్కూలు నుంచి నేరుగా సర్వరు గదికి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి చలికి భుజాలు దగ్గరికి లాక్కుంది.

"అంకె తగ్గిస్తారని విన్నాను, నిజమేనామ్మా?"

"ఇంకా ఏమీ అనుకోలేదండీ. మీదెంత, చూస్తాను... మీది చిన్నదేనండీ. సగం చేస్తే మాత్రం కొంచెం దాటుతుంది."

"దాటుతుంది. నాకు తెలుసు." ఆవిడ స్పీకరు మీద చెయ్యి వేసుకుంది, లోపలి మాట తన్నుకు రాకుండా అన్నట్టు. "నాది ఒకటుంది. రోజూ అనుకుంటాను. ఎవరికీ చెప్పను. చెప్తే ఒక ఇల్లు పాడవుతుంది. చెప్పకపోతే నా ఒక్కదానికే బరువు. మోయగలను. పాఠం చెప్పడం కోసం దాన్ని బయటపెట్టమంటే మాత్రం, పాఠం మానేస్తాను. పిల్లలకి పరీక్షలు దగ్గరకొచ్చాయి. అందుకే అడగడానికి వచ్చాను."

హైమవతి కుర్చీలోంచి లేచింది. ఏమిటది అని అడగలేదు. "మీరు పాఠం మానక్కర్లేదండీ" అంది.

మర్నాడు డాక్టర్ గదికి వెళ్ళి నిలబడే చెప్పింది. "పరిమితి డిస్కు నిండకుండా ఉండటానికి పెడుతున్నాం మేడం. మనుషుల చేత మాట్లాడించడానికి కాదు. కొత్తగా వచ్చేవాళ్ళకి కొంత ఉంచి, మిగతా చోటంతా తలా ఒక వాటా వేశాను. రెండు వందల గిగాబైట్లు వచ్చింది. అదే అంకె. దానికి ఒక్కటి ఎక్కువ ఇవ్వను, ఒక్కటి తగ్గించను."

"మీ అన్నకి మంచి జరిగింది కదా?"

"జరిగింది. మా వదినకి జరగలేదు. ఎవరికి ఏం జరుగుతుందో నాకు తెలియనప్పుడు ఆ మందు నేను ఎవరి గొంతులోనూ పొయ్యలేను. చెప్పుకోవడం వాళ్ళిష్టం. దాచుకోవడమూ వాళ్ళిష్టమే."

"ఈ కేంద్రానికి డైరెక్టరుని నేను హైమా."

"అవునండీ. రోగులతో ఒప్పందం మీద నా సంతకం కూడా ఉంది. తగ్గించాలంటే వాళ్ళందర్నీ పిలిచి అడుగుదాం. వాళ్ళనే తేల్చమందాం."

పిలిచి అడిగారు. ఆ మీటింగులో స్పీకర్లన్నీ ఒక్కసారిగా మోగి, డాక్టర్ ఎస్తేరు చెవులు మూసుకోవాల్సి వచ్చింది. చేతులు ఎత్తమంటే తగ్గించమన్నవాళ్ళు ఇద్దరే. ఆవిడ కాసేపు అలిగింది గాని, చివరికి ఉన్న పరిమితినే ఖాయం చేసే కాగితం మీద తనే ముందు సంతకం చేసింది. నాలుగింట మూడు వంతులు నిండగానే ఆ మనిషికి ఒక కబురు వెళ్ళేలా కూడా ఏర్పాటు చేశారు. ముందే తెలిస్తే ఏం చెప్పుకోవాలో, ఏం వదులుకోవాలో వాళ్ళే చూసుకుంటారని.

ఆ ఏర్పాటు సంగతి చెబితే సింహాద్రి కుర్చీ చెల్లెలి వైపు తిప్పుకున్నాడు.

"అమ్మీ, నా కబురు నీలికి కూడా ఎల్లేలాగ సేస్తావేటి?"

"ఎవరికీ పంపకూడదు అన్నయ్యా. నీ సొంతం అది."

"నా సొంతం కాబట్టే సెప్తన్నాను. పంపు."

కాగితం మీద ఎడమచేత్తో సంతకం గీయించుకుని, హైమవతి వదిన నంబరు ఎక్కించింది. వర్షాకాలం అంతా ఏ కబురూ వెళ్ళలేదు. సింహాద్రి గీత కిందనే ఉంది. పాడేరు నుంచి ఫోనూ రాలేదు. హైమవతి పండగకి చీర పంపిస్తే అందినట్టు కూడా తెలియజేయలేదు. రేవులో ఓడలు వస్తున్నాయి, పోతున్నాయి. చలి మొదలయ్యాక అన్న గీత నెమ్మదిగా లేవడం హైమవతి గమనించింది. చదరంగం ఆడుతూ మధ్యలో ఆగిపోతున్నాడు. ఏమిటని అడిగితే "ఏటీ లేదు" అంటున్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు.

ఒక మధ్యాహ్నం సర్వరు గది తలుపు దబదబా మోగింది. తీస్తే నీలవేణి. ఎండకి నల్లబడింది, ఒళ్ళు తేలికపడింది. బస్సు దుమ్ము ఇంకా చీర మీదే ఉంది. వెనకాల వరండాలో సంచీ పడేసి ఉంది.

"ఫోనుకి కబురొచ్చింది. మూడు వంతులు నిండిందంట" అంది. హైమవతి ముఖంలోకి చూడకుండా గదిలోని పెట్టెల వైపు చూసింది. "ఏటి దాచాడు మళ్ళీ?"

"నాకు తెలీదు వదినా. చూడను కదా."

"చూడవులే. తెలుసు." వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. "చీర బాగుంది. జోన్సు కప్పు అందుకున్నప్పుడు కట్టుకున్నాను" అని, జవాబు వినకుండా వరండాకి నడిచింది.

హైమవతి తలుపు వేయలేదు. అన్న స్పీకరు "ఒలే నీలీ, నాను..." అనడం వినిపించింది. నీలవేణి "బక్కచిక్కిపోయావు, ఏం పెడుతున్నారు వీళ్ళు?" అని అందుకుంది. "ఆగే! సెప్పనీ!" అని సింహాద్రి అరిచాడు. ఆమె ఆగింది. ఆ తర్వాత అతనేం చెప్పాడో హైమవతికి వినబడలేదు. చాలాసేపటికి నీలవేణి ముక్కు చీదుకోవడం, వెంటనే ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం వినిపించింది. ఒకరి మాట మీద ఒకరు పడుతూ, ఇద్దరూ తగ్గకుండా.

తెర మీద గీత ఎటు పోతోందో చూడాలనిపించింది గాని, హైమవతి తెర మీది ఆ గీతల పేజీ మూసేసింది. ఆ పొద్దున శ్రీకాకుళం నుంచి కొత్తగా ఒకామె చేరింది. ఆమె పేరున రిపోజిటరీ తెరిచి, అందరికీ ఉన్న అంకెనే టైపు చేసింది.